అక్రోటు కొయ్య సొరుగుల పెట్టె

మన పెద్దల యిండ్లలో భోషాణము ఉండెడిది. కొన్ని యిండ్లలో నేటికిని ఉన్నది. నడవలో ఒక మూల, ఇద్దరు మనుష్యులు పట్టినను కదలని బరువుతో, ఇత్తడి గుబ్బలతో, ఇనుప గొళ్లెముతో అది ఇంటి పెద్దవలె కూర్చుండి యుండెడిది. పట్టుబట్టలు, వెండి గిన్నెలు, దస్తావేజులు, పసిబిడ్డల కుళ్లాయిలు, అన్నియు దానిలోనే. కాని దానితో ఒక చిక్కు కలదు. మనకు కావలసిన వస్తువు ఎల్లప్పుడును అడుగుననే యుండును. ఒక్క పంచెకొఱకు పైనున్న సమస్తమును తీసి నేలపై పఱచి, మరల పేర్చవలెను. ఈ శ్రమను ఎఱుగని గృహిణి మన దేశములో ఉండదు.

ఐరోపా ఖండపు గృహిణులకును ఇదే చిక్కు ఉండెడిది. వారి యిండ్లలోను మొదట ఉన్నది మూత పైకెత్తు పెట్టెయే. ఆ పెట్టె అడుగున ఒక అఱను వేఱుచేసి, దానిని ముందువైపునుండి లాగుకొనునట్లు అమర్చుట మొదటి మెట్టు. పిమ్మట ఆ అఱలు రెండయినవి, మూడయినవి. 17వ శతాబ్ది ముగియు నాటికి మూత కదలని పైబల్లగా మాఱినది. దాని క్రింద నున్నదంతయు సొరుగులే అయినవి. ఆంగ్లభాషలో ఈ సామానునకు నేటికిని 'సొరుగుల పెట్టె' అనియే పేరు. తాను ఒకప్పుడు పెట్టెనను సంగతిని అది తన పేరులోనే దాచుకొన్నది.

అట్టి పెట్టె యొకటి కొంతకాలము మా గదిలో ఉండెడిది. అది మాకు నేర్పిన పాఠమును, ఆ పాఠమును ఆలస్యముగా నేర్చుకొనుటచే మేము పోగొట్టుకొన్న దానిని నేడు శ్రోతలకు విన్నవించుకొందుము.

చదువు నిమిత్తమై మేము ఇంగ్లండులో రెండు సంవత్సరములు నివసించితిమి. దక్షిణమున ఒక చిన్న పట్టణములో ఒక వృద్ధురాలు తన యింటి మేడమీది గదిని మాకు అద్దె కిచ్చినది. ఆమె పూర్వము బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నది. గదిలో మంచము, కుర్చీ, కిటికీ ప్రక్కన ఒక చిన్న సొరుగుల పెట్టె ఉండెను. వెడల్పు రెండున్నర అడుగులు, ఎత్తు రమారమి మూడడుగులు. పైవరుసలో రెండు పొట్టి సొరుగులు, వాని క్రింద మూడు పొడుగు సొరుగులు. రంగు ముదురు తేనె రంగు. కిటికీవైపున ఎండ సోకిన ప్రక్క మఱింత లేతబడి, పండిన గడ్డి రంగునకు వచ్చియుండెను. పైబల్లమీద మేఘములవలెను, సుడిగుండములవలెను చారలు. ఎడమవైపున్న రూపమే అద్దములో చూచినట్లు కుడివైపునను కనబడెడిది. మొదటి దినమున మేము దానిని ఒక పాత సామానుగా మాత్రమే చూచితిమి. చొక్కాలు పెట్టుకొనుటకు చాలునని సంతోషించితిమి.

ఒకనాడు అడుగు సొరుగు ఇఱుకుకొనెను. ఎంత లాగినను రాదు. ఆమెను పిలిచితిమి. ఆమె నవ్వి, పై సొరుగులను అన్నిటిని తీసివేసి, లోపలినుండి చేయి పెట్టి నెట్టవలెనని చెప్పినది. అట్లు చేయగా సొరుగు బయటికి వచ్చినది. ఆ సాయంకాలము సొరుగులన్నియు నేలమీద వరుసగా పఱచియుండగా ఆమె తన మనసులోని మాట చెప్పినది. ఆ పెట్టె ఆమె నాయనమ్మది. రానున్న వేసవిలో మనుమరాలి వివాహము. ఆ పిల్లకు దీనిని కానుకగా ఇయ్యవలెనని ఆమె కోరిక. కాని పైన మరకలు, గీతలు, అక్కడక్కడ ఊడిన ముక్కలు. ఇట్టి పాతదానిని పెండ్లికూతునకు ఎట్లు ఇచ్చుట? పాత సామానులను బాగుచేయు ఒకడు వచ్చి చూచి, పైనంతయు గీకి, నునుపుచేసి, క్రొత్త మెఱుగు పెట్టి, క్రొత్త ఇత్తడి పిడులు వేసి, దుకాణములోనుండి తెచ్చినట్లు చేసెదనని మాట యిచ్చినాడట. ఇత్తునా, మాననా అని ఆమె ఆలోచించుచున్నది. మేము ఏమి చెప్పవలెనో మాకప్పుడు తెలియలేదు. కాని ఆ దినము మొదలు ఆ పెట్టెను గుఱించి తెలిసికొనవలెనని మాకు పట్టుదల కలిగినది.

మొదట కొయ్య సంగతి. అక్రోటు కాయ మనకు క్రొత్తది కాదు. కాశ్మీరమునుండి వచ్చు ఆ గట్టి పెంకు కాయను మన బజారులలో అమ్ముదురు. దానినే సంస్కృతమున అక్షోటమందురు. పారసీకమునుండి హిమాలయ ప్రాంతమువఱకు ఆ చెట్టు పుట్టినిల్లు. రోమనులు దానిని పడమటి దేశములకు వ్యాపింపజేసిరి. ఆంగ్లభాషలో దాని పేరునకు అర్థము 'పరదేశపు కాయ' అని. అనగా ఆంగ్లేయుల పూర్వులు పేరు పెట్టునప్పుడే అది తమది కాదని ఎఱుగుదురు. వృక్షశాస్త్రజ్ఞులు దానికి జగ్లాన్స్ రీజియా అని పేరు పెట్టినారు. మొదటి మాటకు జూపిటర్ దేవుని కాయ యనియు, రెండవ మాటకు రాచది యనియు అర్థము.

ఇంగ్లండులో తరతరములుగా ఇంటి సామానంతయు ఓక్ కొయ్యతోనే చేసెడివారు. అది దిట్టమైన కొయ్య. చట్రము బిగించి నడుమ పలకలు దూర్చి చేయు ఆ పని మోటుగా ఉన్నను తరములు నిలుచును. 1660లో రెండవ చార్లెసు రాజ్యమునకు తిరిగి వచ్చినప్పుడు అతనితోకూడ హాలండు, ఫ్రాన్సు దేశముల అభిరుచియు వచ్చినది. 1666లో లండను నగరము అగ్నిప్రమాదమున దగ్ధమైనది. క్రొత్త యిండ్లకు క్రొత్త సామాను కావలసివచ్చినది. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటులకుండిన మతస్వేచ్ఛను రద్దుచేయగా, ఆ దేశమును విడిచి వచ్చినవారిలో పనితనము తెలిసినవారు పలువురు ఇంగ్లండులో స్థిరపడిరి. ఈ కారణములన్నియు కలిసి ఓక్ కొయ్య స్థానమున అక్రోటు కొయ్య వచ్చినది. నున్నని స్పర్శ, వింత చారలు, ఉలికి ఒదుగు మెత్తదనము, బిగువు, ఇవన్నియు ఒక్క కొయ్యలో దొరకుట అరుదు.

అయితే అక్రోటు తొందరగా పెరుగు చెట్టు కాదు. తాత నాటిన చెట్టును మనుమడు కోయవలెను. అంతలో 1708-09 శీతకాలము వచ్చినది. ఐరోపాలో నదులు గడ్డకట్టినవి. ఫ్రాన్సు దేశమున లెక్కకు మించిన అక్రోటు చెట్లు ఆ చలికి చచ్చినవి. మిగిలినదానిని కాపాడుకొనుటకై 1720లో ఆ దేశము అక్రోటు కొయ్య ఎగుమతిని నిషేధించినది. మఱుసటి సంవత్సరము, 1721లో, ఇంగ్లండు పార్లమెంటు అమెరికా, వెస్టిండీసు వలసలనుండి వచ్చు కలపపై సుంకమును ఎత్తివేసినది. వర్జీనియానుండి నల్ల అక్రోటును, జమైకానుండి మహాగనిని ఓడలు మోసికొని వచ్చినవి. క్రమముగా మహాగనియే ధనికుల యిండ్లను ఆక్రమించినది. కావున ఇంగ్లండులో అక్రోటు యుగము అరువది డెబ్బది యేండ్లకు మించి సాగలేదు. ఆ స్వల్పకాలములో చేసిన చిన్న సామానులు నేడు ఇంత ఆదరము పొందుటకు ఇదియు ఒక కారణము.

కొయ్య అరుదు, దానిని కోరువారు ఎక్కువ. ఈ చిక్కునకు ఆనాటి పనివారు కనుగొన్న ఉపాయము మమ్ములను మొదట నిరాశపఱచి, పిమ్మట ఆశ్చర్యపఱచినది. సొరుగును వెనుకకు త్రిప్పి చూచితిమి. ముఖభాగము అంచున సన్నని గీతవలె అక్రోటు. దాని వెనుక నున్నదంతయు పైన్ కొయ్య. ప్రక్కలు, అడుగు ఓక్ కొయ్య. అనగా మేము అక్రోటు పెట్టె యనుకొన్నది అణా మందము అక్రోటు మాత్రమే! మొదట మాకు మోసము కనబడినది. ఇత్తడిపై బంగారు పూత పూసి బంగారమని అమ్మినట్లు తోచినది.

కాని అది మోసము కాదని పిమ్మట తెలిసికొంటిమి. అక్రోటు చెట్టులో మిక్కిలి అందమైన భాగము ఎక్కడ నుండును? కొమ్మలు చీలు పంగలోను, మొదట నుండు బొడిపెలలోను, వేరు దగ్గఱను ఉండును. అచ్చట పీచు తిన్నగా పోదు. సుళ్లు తిరుగును, ముడివడును. ఆ ముడులే అందము. కాని అట్టి కొయ్యతో దళసరి పలక కోసినచో అది వంకర పోవును, పగులును. బరువు మోయలేదు. కావున పనివాడు దానిని పలుచని రేకులుగా కోసెను. ఆంగ్లేయులు దీనిని వెనీరు అందురు. నేడు యంత్రపు కత్తితో చెక్కుచున్న రేకు కాగితమువలె పలుచన. ఆనాడు రంపముతో చేతితో కోసిన రేకు అంగుళములో పదునాఱవ వంతు మొదలు ఎనిమిదవ వంతువఱకు మందము ఉండెడిది. ఒక దుంగనుండి వరుసగా కోసిన రేకులలో ఒకే రూపము ఉండును. వానిని పుస్తకము తెఱచినట్లు ఎదురెదురుగా పెట్టినచో ఎడమ చిత్రము కుడిప్రక్కను ప్రతిఫలించును. మేము పైబల్లమీద చూచిన రహస్య మిదియే.

పశుచర్మములను ఉడికించి తీసిన జిగురును వేడిగా పూసి, రేకును పఱచి, పైన కాచిన పలకను ఉంచి బిగించి ఆఱనిత్తురు. అంచులకు సన్నని పట్టీలు రెండు, ఒకదాని పీచు ఇటు, మఱియొకదాని పీచు అటు వాలునట్లు అతుకుదురు. రెండును కలిసి పక్షి ఈకవలె కనబడును. ఇంత పనియు నిలుచుట లోపలి పైన్ కొయ్య నమ్మకముగా నిలుచుటచేతనే. ముందు కనబడునది అక్రోటు, బరువు మోయునది పైను, రాపిడికి ఓర్చునది ఓకు. ఏ కొయ్యకు తగిన పని దానికి ఇచ్చినాడు పనివాడు. ఇది మితవ్యయము, వివేకము. మన యిండ్లలో ద్వారబంధమునకు ఒక కొయ్య, వాసమునకు మఱియొక కొయ్య వాడుటలో ఉన్న తెలివియే ఇచ్చటను ఉన్నది.

మెఱుగు సంగతి మఱియు ఆసక్తికరము. 1688లో స్టాకర్, పార్కర్ అను ఇద్దరు ఆక్స్‌ఫర్డులో వార్నీషు పనిని గుఱించి ఒక గ్రంథము ప్రకటించిరి. దానిలో లక్కను సారాయి సత్తులో కరగించి కొయ్యకు పూయు విధానము చెప్పబడినది. ఆ లక్క ఎచ్చటిది? మన దేశపు అడవులలో మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగు కట్టిన గూడు అది. మన ఆడువారి చేతి గాజులకు, ఏటికొప్పాక లక్కపిడతలకు వాడు లక్క యదియే. తూర్పు దేశములనుండి ఓడలలో పోయి అచ్చటి అక్రోటు కొయ్యకు మెఱుగిచ్చినది.

ఈ రాకపోకలు ఒకవైపే కాదు. 18వ శతాబ్దిలో విశాఖపట్టణపు పనివారు ఆంగ్లేయ వర్తకుల సామానును చూచి, అదే వాటమున చిన్న సొరుగుల బీరువాలను, పెట్టెలను చేసిరి. కాని పైరేకు అక్రోటు కాదు, ఏనుగు దంతము. ఆ దంతముపై లతలు, పువ్వులు సన్నగా చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపిరి. అట్టివి కొన్ని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో మేము చూచితిమి. నేడు ఏనుగు దంతపు వ్యాపారము నిషిద్ధము, అది న్యాయమే. కాని ఆ చేతిపనిని చూచినప్పుడు, రేకు వెనుక దాగిన పనితనము మన తీరమునకు క్రొత్త కాదని మాకు తెలిసినది.

ఇక మా గదిలోని పెట్టె. సెలవు దినములలో మేము సొరుగులను ఒక్కొక్కటిగా తీసి, దీపము పెట్టి చూచుట అలవాటు చేసికొంటిమి. వయసును చెప్పునది ముఖము కాదు, లోపలి భాగము. ప్రక్క పలకయు ముందు పలకయు కలియుచోట పావురము తోకవలె విచ్చుకొన్న పండ్లు ఒకదానిలో నొకటి దిగియుండును. మా పెట్టెలో ఆ పండ్లు కొద్ది, వెడల్పు. రెండు సరిసమానముగా లేవు. యంత్రము చేసినచో అన్నియు ఒక్క రీతిగా ఉండెడివి. సొరుగు అడుగు పలకల పీచు ముందునుండి వెనుకకు పోవుచుండెను. 18వ శతాబ్ది నడుమకు వచ్చుసరికి ఆ పీచును అడ్డముగా వేయుట సాధారణమైనది. ఈ ఆధారములతో అది 1740కి పూర్వపు పని కావచ్చునని ప్రదర్శనశాలలోని వానితో పోల్చి ఊహించితిమి.

సొరుగు ముఖమునకు వెనుకవైపున, ఇప్పుడున్న పిడుల రంధ్రములుగాక, పూడ్చిన రంధ్రములు మఱి రెండు జతలు ఉండెను. అనగా ఆ యింటివారు కాలమునుబట్టి పిడులను రెండుమార్లు మార్చినారు. అడుగు సొరుగు జారు పట్టెలు అరిగి పల్లమైనవి. ఎన్ని వేల మార్లు లాగినచో ఓక్ కొయ్య అట్లు అరుగును! ఒక పొట్టి సొరుగులో సిరా ఒలికిన మరక. అచ్చట ఎవరో ఉత్తరములు వ్రాసికొనెడివారు. పైబల్లమీద కొవ్వొత్తి సెమ్మె అడుగు కాల్చిన చిన్న నల్లని వలయము. ప్రక్కన గుండుసూది తలంత రంధ్రములు. అవి కొయ్యను తొలుచు పురుగు బయటికి వచ్చిన దారులు. పొడి రాలుట లేదు గనుక ఆ పురుగు ఎప్పుడో పోయినదని తెలియుచున్నది. ఇదంతయు వ్రాతలేని చరిత్ర. ఇది చదువుటకు అక్షరములు అక్కఱలేదు, కన్నులును, ఓపికయు చాలును.

వేసవి దగ్గఱపడినది. ఒక ఆదివారము ఆమె మమ్ములను తన బంధువుల యింటికి తీసికొనిపోయినది. అచ్చట ఇట్టిదే మఱియొక పెట్టె ఉన్నది; దానిని కొన్నియేండ్ల క్రిందట బాగుచేయించిరట. అది అద్దమువలె తళతళలాడుచున్నది. దూరమునుండి చూచి ముచ్చటపడితిమి. దగ్గఱకు పోయి మూలలను చూడగా, గీకినప్పుడు అక్రోటు రేకు పూర్తిగా పోయి, లోపలి పైన్ కొయ్య బయటపడి, దానిపై గోధుమరంగు పూసియున్నట్లు కనబడెను. చారలలోని లోతు పోయినది. మూడువందల యేండ్ల వెలుతురు, చేతి తడి, మైనము కలిసి కొయ్యకు ఇచ్చిన ఛాయ ఒక పూటలో పొడియై ఊడ్చివేయబడినది. దానిని మరల తెచ్చు ఉపాయము లేదు. రేకు మందము అంగుళములో పదునాఱవ వంతే యని మఱచినవాడు చిత్రిక పట్టినచో జరుగున దిదియే.

తిరిగి వచ్చునప్పుడు ఆమె మౌనముగా ఉండెను. ఇంటికి వచ్చి, "మీరయితే ఏమి చేయుదురు?" అని అడిగినది. అప్పుడు మేము ఇంతవఱకు ఎవరికిని చెప్పని సంగతి నొకటి చెప్పితిమి.

గోదావరి ప్రాంతములో మా తాతగారి యిల్లు. అచ్చట టేకు భోషాణము ఉండెడిది. తాతగారు ప్రతి సంవత్సరము కోతలైన పిమ్మట, ఇంటికి వచ్చిన ధాన్యపు లెక్కను మూత లోపలివైపున మేకుతో గీతలుగా గీచెడివారు. పుట్టిన బిడ్డల తిథివారములు కూడ అచ్చటనే సన్నని అక్షరములతో ఉండెడివి. మా నాయనమ్మ పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు పేరుకొని మూత అంచు నల్లబడి యుండెను. ఇల్లు మాకు వచ్చినప్పుడు, ఆ భోషాణము మాసిపోయినదని తలచి, వడ్రంగిని పిలిపించి లోపల, వెలుపల చిత్రిక పట్టించి వార్నీషు పూయించితిమి. వడ్రంగి తప్పేమియు లేదు. మేము చెప్పినట్లే చేసినాడు. సాయంత్రమునకు భోషాణము క్రొత్త పెండ్లికొడుకువలె ఉన్నది. మా మేనత్తగారు వచ్చి, మూత ఎత్తి, చాలసేపు చూచి, "నాన్నగారి వ్రాత ఏదిరా?" అని అడిగినారు. మాకు నోట మాట రాలేదు. నేలమీది చిత్రిక పొట్టును పనిమనిషి అప్పటికే పొయ్యిలో వేసినది. మేనత్తగారి పుట్టినతిథి వ్రాసినది ఆ మూతమీదనే అని పిమ్మట తెలిసినది. ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. అనియుండినచో బాగుండెడిది.

ఈ సంగతి విని ఆ వృద్ధురాలు లేచి మేడమీదికి పోయినది. సొరుగు లాగిన చప్పుడు మాకు క్రిందికి వినబడినది. మఱునాడు ఆమె ఆ పాత సామానుల వానికి వద్దని ఉత్తరము వ్రాసినది. ఊరిలోని ఒక వడ్రంగిని పిలిచి, అరిగిన జారు పట్టెలకు మాత్రము ఓక్ కొయ్య ముక్కలు అతికించినది. లేచిన రేకు తునకలను పూర్వపు జిగురుతోనే క్రిందికి అంటించుమన్నది. ఆ జిగురునకు వేడియు, తేమయు తగిలినచో మరల విడిపోవును. రేపు మఱియొక పనివాడు సరిచేయవలసివచ్చినను కొయ్యకు హాని లేకుండ తీయవచ్చును. పైన మెత్తని గుడ్డతో కొద్దిగా తేనెమైనము రాచినది. అంతే. నల్లని వలయము, సిరా మరక అట్లే ఉన్నవి. వివాహమునకు ముందు మనుమరాలు వచ్చినప్పుడు, అవ్వ ఆ పిల్ల చేతిని పట్టుకొని ఒక్కొక్క గుర్తుపై పెట్టి, తనకు తెలిసినంతవఱకు దాని కథ చెప్పినది. తెలియనిచోట నీవే ఊహించుకొమ్మన్నది. ఆ పిల్ల ఆ పెట్టెను బండిమీద తీసికొనిపోవునప్పుడు సొరుగులను విడిగా తీసి, తన ఒడిలో రెండు పొట్టి సొరుగులను పెట్టుకొని కూర్చున్నది.

శ్రోతలలో చాలమంది యిండ్లలో అక్రోటు పెట్టె ఉండదు. కాని తాతల నాటి భోషాణమో, పడక కుర్చీయో, పందిరి మంచమో, సొరుగుల వ్రాతబల్లయో ఉండును. వానిని గుఱించి మేము నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పి ముగించెదము.

పాత కొయ్య సామానును ఎండ నేరుగా తగులుచోటను, పొయ్యి ప్రక్కను, తడి గోడకు ఆనించియు ఉంచరాదు. కొయ్య తేమతో ఉబ్బి, ఎండతో ముడుచుకొనును. లోపలి కొయ్యయు పైరేకును ఒకే తీరున ఉబ్బవు గనుక అతుకు విడిపోవును. తడిగుడ్డతో తుడువరాదు. పొడిగుడ్డ చాలును, సంవత్సరమునకు ఒకటి రెండుమార్లు కొద్దిగా మైనము చాలును. సొరుగు ఇఱుకుకొన్నచో బలముతో ఒక పిడిని పట్టి లాగరాదు. రెండు పిడులను సమముగా పట్టి లాగవలెను. జారు పట్టెకు కొవ్వొత్తి ముక్కతో రాచినచో సులువుగా జారును. రంధ్రములనుండి క్రొత్తగా సన్నని పొడి రాలుచున్నచో పురుగు బ్రదికియున్నదని తెలిసికొని, ఆ వస్తువును మిగిలిన సామానునుండి వేఱుచేసి తెలిసినవారికి చూపవలెను. ఊడిన తునకను పాఱవేయక ఒక కాగితపు పొట్లములో కట్టి ఆ సొరుగులోనే ఉంచవలెను. ఎంత చిన్నదైనను దానికి సాటివచ్చు కొయ్య మరల దొరకదు.

అన్నిటికంటె ముఖ్యము, గీకించుటకు ముందు ఆ వస్తువును పూర్తిగా చూడవలెను. సొరుగులను తీసి వెనుకవైపును చూడవలెను. మూత ఎత్తి లోపలివైపును చూడవలెను. ఇంటిలోని పెద్దవారిని పిలిచి, ఈ గుర్తు ఏమిటని అడుగవలెను. విఱిగినదానిని బాగుచేయుట ధర్మము. పనికి రానిదానిని పనికి వచ్చునట్లు చేయుట అవసరము. కాని మరకయని మనము తలచునది ఒక్కొక్కప్పుడు మనవారి వ్రాత కావచ్చును. మెఱుగు ఎప్పుడైనను పెట్టించుకొనవచ్చును. పోయిన వ్రాతను ఏ వడ్రంగియు తిరిగి తేలేడు.

మా భోషాణము నేటికిని మా యింటిలోనే ఉన్నది. మూత లోపలివైపు నున్నగా, ఖాళీగా ఉన్నది. మేము స్వదేశమునకు వచ్చిన పిమ్మట మేనత్తగారిని కూర్చుండబెట్టి, ఆమెకు జ్ఞాపకమున్న తిథివారములను అడిగి, ఒక కాగితముపై వ్రాసి ఆ మూతకు అంటించితిమి. అది తాతగారి చేవ్రాత కాదు. అయినను ఆమె దానిని చూచి, తన తిథి దగ్గఱ కొద్దిగా పసుపు రాచినారు.